బంగారం కొనకండి, తెంపుకు రండి

మా పెండ్లి కట్నాల పుస్తకం ఇప్పటికీ ఇనుప బీరువా అడుగు అరలో ఉంది. రూళ్ల నోటుబుక్కు. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, నడుమ 'శ్రీరస్తు'. ఆ తర్వాత వరుసగా పేర్లు, ఊర్లు, వాటికెదురుగా అంకెలు: 11, 21, 51, అక్కడక్కడ 116. స్టీలు బిందెలు ఆరు, టిఫిను డబ్బాలు పది, గోడ గడియారాలు ఏడు. పందిట్లో ఒకాయన మైకు పట్టుకొని చదువుతుంటే మా చిన్నాయిన పక్కన కూచుని రాసిన పుస్తకం అది.

ముప్ఫై ఏండ్లుగా అది ఒక్క పనికే బయటికొస్తుంది. ఎవరింట్లోనన్నా పెండ్లి పడితే "వాళ్లు మనకేం పెట్టిన్రు?" అని చూసుకోవడానికి. అప్పుడు 51 పెట్టినవాళ్లకు ఇప్పుడు 516. ఆ పేజీలు తిరగేస్తే మనుషుల ముఖాలు గుర్తురావు, బాకీలు గుర్తొస్తాయి.

అదే పెండ్లికి మా వాడకట్టులో బీడీలు చేసే అవ్వ ఒక విసనకర్ర ఇచ్చింది. తాటాకుది. చుట్టూ అంచుకు ఎర్రగుడ్డ మడిచి చేత్తో కుట్టింది. ఆమె చదివింపుల దిక్కు రానేలేదు. వంటింటి గుమ్మంలో నన్ను పిలిచి, "ఎండకాలం పెండ్లి బిడ్డా, పనికొస్తది" అని చేతిలో పెట్టి పోయింది. పుస్తకంలో అది లేదు. కరెంటు పోయిన రాత్రుల్లో మా పెద్దోణ్ణి నిద్రపుచ్చింది ఆ విసనకర్రే. ఈనెలు విరిగేదాకా వాడుకున్నాం. ఏడు గడియారాల్లో ఏది ఎవరిచ్చారో ఒక్కటీ చెప్పలేను. ఆ ఎర్ర అంచు మీద కుట్టు ఎంత దూరందూరంగా పడిందో మాత్రం చెప్పగలను.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ కానుకల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసం 1925లో అచ్చయింది. ఇవ్వడం ఒక బాధ్యత, పుచ్చుకోవడం ఒక బాధ్యత, తిరిగి ఇవ్వడం మరో బాధ్యత అని లోకంలోని ఎన్నో సమాజాలను చూసి ఆయన తేల్చాడు. మా బీరువాలోని నోటుబుక్కు ఆ మూడో బాధ్యతకు చిట్టా. మోస్ చెప్పింది నిజమే. అయితే కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు పుట్టి పెరిగినదాన్ని గనుక, చిట్టాకెక్కని కానుకలు కూడా చాలా చూశాను. మనసులో నిలిచినవన్నీ అవే.

అందుకే కింద నేను చెప్పే సలహాలు మీ ఇంట్లో పెద్దలు చెప్పేవాటికి, దుకాణాల ప్రకటనలకు తలకిందులుగా ఉంటాయి. తలకిందులుగానే పాటించండి.

1. బంగారం కొనకండి, తెంపుకు రండి

దసరానాడు పొద్దుగూకే వేళకు మా దిక్కు ఊరు ఊరంతా పొలిమేర బాట పడుతుంది. పాలపిట్ట కనబడితే కండ్లకద్దుకుంటారు. జమ్మిచెట్టు చుట్టూ తిరుగుతారు, కాగితం మీద ఇంటిల్లిపాది పేర్లు రాసి కొమ్మల్లో పెడతారు. వచ్చేటప్పుడు గుప్పెడు ఆకు తెంపుకొస్తారు. ఆ ఆకు పేరు ఆ రాత్రికి 'బంగారం'. చిన్నవాళ్లు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. ఈడువాళ్లు ఒకరికొకరు పెట్టుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. పాండవులు అజ్ఞాతవాసంలో ఆయుధాలు దాచిన చెట్టని కథ. 2014లో తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నది ఈ జమ్మినే, రాష్ట్ర పక్షిగా ఆ పాలపిట్టనే. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోకి పోతే అక్కడ దసరాకు ఆపటా ఆకును బంగారమని పంచుకుంటారు.

చేతిలో పడే ఆకు ఎంతుంటుంది? చింతాకంత. కొమ్మకు ముళ్లుంటాయి, తెంపేటప్పుడు వేలికి గీసుకుంటుంది. కానీ ఏడాదంతా గెట్టు పంచాయితీతో మాటల్లేని అన్నదమ్ములు ఆ రాత్రి ఒకరి వాకిట్లోకి ఒకరు పోవడానికి ఆ ఆకే తోవ చూపుతుంది. తులం బంగారం పట్టుకుపోతే "దీని వెనక ఏమున్నదో" అని అనుమానం. ఆకు పట్టుకుపోతే అనుమానపడటానికి ఏమీ లేదు. పుచ్చుకున్నవాడు అదే ఆకు తిరిగి మీ చేతిలో పెడతాడు. లెక్క అక్కడికక్కడే చెల్లిపోతుంది, మనిషి మిగులుతాడు.

ఈ దసరాకు జమ్మి ఆకు తెంపగానే ఇంటికి రాకండి. మాటల్లేని ఇంటికి ముందు పోండి, తర్వాతే చుట్టాల ఇండ్లకు.

మా జనానికి బంగారమంటే ఏమిటో తెలియక కాదు ఇదంతా. సమ్మక్క సారలమ్మలకు ఎత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు తక్కెట్లో కూచుని తమ ఎత్తు బెల్లం తూకం వేయించి సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని బెల్లమని అనరు, బంగారమే అంటారు. మేడారం దాకా పోలేనివాళ్లు కరీంనగర్ పక్కన రేకుర్తి జాతరలోనే మొక్కు చెల్లిస్తారు. తల్లులకు బెల్లమే బంగారమైనప్పుడు మన చుట్టాలకు చాలదా?

2. పెండ్లికి ఏమీ తీసుకుపోకండి

పెండ్లినాడు ఇచ్చేది పుస్తకంలోకి పోతుంది. ఎంత ప్రేమగా ఇచ్చినా పోతుంది. కాబట్టి ఆ రోజు ఒట్టి చేతులతో పోయి కడుపునిండా తిని అక్షింతలు వేసి రండి. మీరు ఇవ్వాల్సిన వేళలు రెండున్నాయి: ముందు వారం, తర్వాత వారం.

ముందు వారం పెండ్లివారింట్లో చేతులు చాలవు. సారెకు సకినాలు చుట్టాలి, పసుపు కొమ్ములు దంచాలి, వచ్చిన చుట్టాల పిల్లలకు అన్నాలు పెట్టాలి. అప్పుడు మీ పొద్దంతా వాళ్లకివ్వండి. తర్వాత వారం ఇంకా ముఖ్యం. పందిరి విప్పారు, బిడ్డ అత్తగారింటికి పోయింది, చుట్టాలు బస్సులెక్కారు. ఆ మూడో రోజు మాపటికి తల్లి పొయ్యి దగ్గరికి పోలేదు. కాళ్లలో సత్తువ లేదు, ఇంట్లో చప్పుడు లేదు. ఆ పొద్దు ఒక గిన్నెలో పప్పుచారు, ఒక గిన్నెలో అన్నం మూతపెట్టి పట్టుకుపోండి. కాసేపు కూచోండి. బిడ్డ మాట వాళ్లెత్తితే వినండి. 516 రూపాయలు మరిచిపోతారు, ఆ పప్పుచారు మరవరు.

3. ఉన్నవాళ్లకు ఉన్నదే ఇవ్వండి

'వాళ్ల దగ్గర లేనిదేదో చూసి ఇవ్వాలి' అని అందరూ అంటారు. లేనిది చూసి ఇస్తే, లేదన్న సంగతి గుర్తుచేసినట్టవుతుంది. మా అమ్మలు ఇంకోలా చేశారు. పెండ్లయిన బిడ్డకు ఒడి బియ్యం పోస్తారు. అత్తగారింట్లో వరి బస్తాలు పేర్చి ఉండవచ్చు, మిల్లే ఉండవచ్చు. అయినా పుట్టింటి బియ్యం పుట్టింటివే.

పీట మీద కూచున్న బిడ్డ కొంగు చాపుతుంది. పసుపు కలిపిన బియ్యం అమ్మ దోసిళ్లతో పోస్తుంది. అందులో కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, వక్కలు, మీద రవికెగుడ్డ. ముత్తైదువలు ఒకరి తర్వాత ఒకరు పోస్తుంటే కొంగు బరువెక్కుతుంది. లేచేటప్పుడు ఆ బరువును రెండు చేతులతో కడుపుకానించుకొని లేవాలి. అలా లేచిన ఆడబిడ్డల్లో కండ్లల్లో నీళ్లు తిరగనివాళ్లను నేను చూడలేదు. అత్తగారింటికి పోయాక ఆ బియ్యం వండి చుట్టుపక్కలవాళ్లను పిలిచి పెడుతుంది. పచ్చటి అన్నం విస్తట్లో పడితే "మీ అమ్మగారింటివా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాట కోసం బిడ్డ ఎన్ని ఊర్లయినా ఆ మూట మోసుకుపోతుంది.

మీ స్నేహితురాలింట్లో మామిడి తోట ఉన్నా మీ పెరటి చెట్టు కాయ నాలుగు పట్టుకుపోండి. ఆమెకు కూరలు వండడం వచ్చినా మీ ఇంటి కూర ఒక గిన్నె ఇవ్వండి. ఇంటింటికీ ఉన్నదే, కానీ మీ ఇంటిది వాళ్లింట్లో లేదు.

4. ఏటేటా అదే ఇవ్వండి

'పోయినేడు ఇచ్చిందే మళ్లీ ఇస్తే ఏం బాగుంటుంది' అని కొత్తవి వెతక్కండి. హోలీ వస్తుందంటే కరీంనగర్, ఆదిలాబాద్ అంగళ్లలో చక్కెర పేర్లు వేలాడతాయి. చక్కెర పాకాన్ని అచ్చుల్లో పోసి దారానికి గుచ్చిన దండలు. తెల్లవి, గులాబి రంగువి. చిన్నపిల్లల మెడలో ఆ పేరు వేసి, చేతిలో ఎండు కుడుక పెడతారు. మేనమామ తేవాలి, లేదంటే అమ్మమ్మ పంపాలి. ఆదివాసీ గూడేల్లో ఇదే పండుగను దురాడి అంటారు, అక్కడా కుడుకలు, చక్కెర పేర్లు ఉంటాయి.

నా మెడలో మా మేనమామ వేసిన పేర్లన్నీ ఒక్కతీరే. కుడుక గుంతలో చక్కెర బిళ్ల పెట్టుకొని రెండూ కలిపి కొరికితే వచ్చే రుచి కూడా ఒక్కటే. మధ్యాహ్నానికి చెమటకు పాకం కరిగి మెడంతా జిగురయ్యేది, చీమలు వెంటపడేవి. ఒక్క ఏడు మామ పైకం ఉండి గౌను కొనుక్కొచ్చాడు. పేరు తేలేదు. గౌను రంగేమిటో నాకు గుర్తులేదు. పేరు రాలేదని వాకిట్లో కూచుని ఏడ్చింది గుర్తుంది. మర్నాడు సైకిలు మీద మళ్లీ వచ్చి, మెడలో పేరు వేసి పోయాడు.

పిల్లలు కొత్తదానికి సంబరపడతారు, పాతదాని కోసం ఎదురుచూస్తారు. రెండోదే ప్రేమ. ఒక చిన్న వస్తువు ఎంచుకోండి. పుట్టినరోజుకు ఒక పెన్సిలే కావచ్చు, తొలకరికి ఒక గుప్పెడు గోరింటాకే కావచ్చు. ఏటా అదే రోజు అదే ఇవ్వండి. పదేండ్లు గడిచాక ఆ రోజుకు మీ పేరే పడుతుంది.

5. ఎక్కడైనా దొరికేదాన్ని దూరం నుంచి మోసుకురండి

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు నాగోబా జాతర. పూజ మెస్రం వంశీయులది. పూజకు నీళ్లు కావాలి. కేస్లాపూర్‌లో నీళ్లు లేక కాదు, అక్కడా బావులున్నాయి. కానీ నాగోబాకు గోదావరి నీళ్లే కావాలి. అవి కూడా జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగులో ముంచినవే కావాలి. మెస్రం వాళ్లు ఝరి అనే పాత్ర పట్టుకొని రోజుల తరబడి కాలినడకన పోతారు, గూడెం గూడెంలో ఆగుతూ. నీళ్లు ముంచుకొని మళ్లీ నడిచే వస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండలో గుగ్గిల్ల వారు చేసి ఇవ్వాలి, తరతరాలుగా వాళ్లే.

బస్సుందిగా, బండ్లున్నాయిగా అని ఎవరైనా అనవచ్చు. బండి మీద తెస్తే అవి నీళ్లే. నడిచి తెస్తే నాగోబాకు అభిషేక జలం. ఆ ఝరిలోని నీళ్లకు వెల కట్టమంటే ఎవరు కట్టగలరు? నడిచినవాళ్ల మడమల పగుళ్లను కొలిచే తక్కెడ ఉందా?

మీకు చేతనైనంతలో ఇదే చేయండి. వేములవాడ పోయి వచ్చేటప్పుడు అందరికీ తలో ఫొటో కొనకండి. నడవలేక ఊర్లోనే ఉండిపోయిన ఒక్క ముసలమ్మ కోసం కోడె మొక్కు దగ్గరి బొట్టూ, ఇంత ప్రసాదమూ విడిగా మూటగట్టి, ఆమె చేతికే ఇవ్వండి. చెల్లెకు అమ్మ నాటిన కనకాంబరం నారు కావాలంటే నర్సరీలో కొనకండి. ఊరికి పోయి వేర్లకు మట్టి పట్టించి, తడిగుడ్డ చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని రండి.

6. నిలవనిదే ఇవ్వండి

'పది కాలాలపాటు ఉండేది ఇవ్వాలి' అంటారు. మా ఇంట్లో పది కాలాలుగా ఉన్నవి అటక మీదున్నాయి. మనసులో ఉన్నవి రెండు రోజుల్లో అయిపోయినవి.

బతుకమ్మను చూడండి. తంగేడు పువ్వు, గునుగు పువ్వు బీడుల్లో పెరిగేవి, ఎవరూ నాటనివి. పొద్దున్నే పోయి తెంపి, గునుగు కాడలు సమంగా కోసి రంగులద్ది, సిబ్బిలో వరుస మీద వరుస పేర్చి, మాపు ఆడి చెరువులో వదిలేస్తాం. అంత పనీ నీళ్లపాలే. ఆ తర్వాత గట్టు మీద ఒకరికొకరం పంచుకునేది సత్తుపిండి, మలీద ముద్దలు. నువ్వులదో, పల్లీలదో అరచేతిలో ఒక చెంచాడు. కొంగుకు అద్దుకునే లోపు అయిపోతుంది. తంగేడును రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నారంటే ఈ బతుకమ్మే కారణం.

సంక్రాంతి సకినాలూ అంతే. కొత్తగా పెండ్లయిన బిడ్డ అత్తగారింటికి సకినాలు పోవాలి. బియ్యం నానబెట్టి, తడిపిండి పట్టించి, నువ్వులు, ఓమ, ఉప్పు కలుపుతారు. ముందుగా పిండితో గౌరమ్మను చేసి బొట్టు పెడతారు. తర్వాత ఉతికిన పాత చీర పరిచి చుట్టూ కూచుంటారు. బొటనవేలు, చూపుడువేలు నడుమ పిండిని పేనుతూ వేలు తిప్పుకుంటూ పోతే రింగు మీద రింగు పడుతుంది. చేయి తిరిగినవాళ్లది తాడులా మెలికపడుతుంది, కొత్త కోడలిది తెగుతుంది. "తెగనియ్యి బిడ్డా, నూనెల పడ్డంక తెగిందేదో తెల్వది" అనేది మా అవ్వ. డబ్బా అత్తగారింటికి చేరగానే విప్పి చూసేవాళ్లు ముందు ఆ మెలికనే చూస్తారు. "ఇది మీ పెద్దమ్మ చెయ్యి గదా" అని గుర్తుపడతారు. తింటే అయిపోతుంది. అయిపోతుంది గనుకనే వచ్చే ఏడు మళ్లీ కావాలి. ఉట్నూరు దిక్కు ఆదివాసీ అక్కలు సంఘంగా కూడి చేస్తున్న ఇప్పపువ్వు లడ్డూలు దొరికితే, అవి కూడా ఇలా ఇవ్వదగ్గవే.

విరిగిన సకినాలు ఏరేయకండి. అవీ డబ్బాలో వేయండి. విరిగినవి చూసే, అంగట్లో కొన్నవి కాదని తెలుస్తుంది.

7. పెద్దవాళ్లకు చిన్నది ఇవ్వండి

'ఆయన స్థాయికి తగ్గట్టు ఉండాలి' అని అప్పు చేసి మరీ శాలువాలు, జ్ఞాపికలు కొంటారు. పెద్దవాళ్ల ఇండ్లలో అలాంటివి గుట్టలుగా పడి ఉంటాయి.

సిరిసిల్ల చేనేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ తన చేత్తో జీ-20 చిహ్నాన్ని నేసి ప్రధానమంత్రికి పంపాడు. 2022 నవంబరు 27 నాటి 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆ కానుక మాటతోనే దేశానికి జీ-20 అధ్యక్షత వచ్చిన సంగతి చెప్పుకొచ్చారు. ప్రధానికి వచ్చే కానుకలకు లెక్కుంటుందా? వాటిలో మూరెడు గుడ్డ ఆగి చూసేలా చేసిందంటే, అది నేసినవాడి చెయ్యి కనబడటం వల్లనే. మరమగ్గాల చప్పుడుకు పేరుపడ్డ ఊరి నుంచి చేతిమగ్గం మీది గుడ్డ పోయింది.

మీ సారు రిటైరవుతుంటే అందరితో కలిసి చందా వేసి మంచం కొనకండి. ఆయన చెప్పిన పాఠాల్లో మీకు ఇప్పటికీ గుర్తున్నదేదో ఒక ఠావు కాగితం మీద మీ దస్తూరితో రాసి ఇవ్వండి. మంచం మీద ఎవరైనా పడుకుంటారు. ఆ కాగితం ఆయనకొక్కరికే అర్థమవుతుంది.

8. దుబాయి నుంచి ఏమీ తేవద్దని చెప్పండి

జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, నిర్మల్: ఈ దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు దొరకడం కష్టం. సెలవు మీద వచ్చేవాడి సూట్‌కేసు చుట్టూ వాడకట్టంతా మూగుతుంది. సెంటు సీసాలు, జండూ బాములు, టార్చిలైట్లు, దుప్పట్లు. ఎవరికి ఏం రాలేదో వాళ్లు మూతి ముడుచుకుంటారు. ఆ సూట్‌కేసు నింపడానికి మనిషి ఎండలో ఎన్ని గంటలు ఎక్కువ పనిచేశాడో ఎవరూ అడగరు. రెండేండ్లకోసారి రావలసినవాడు 'చేతిలో పైకం లేదు, ఉత్త చేతులతో ఎట్ల రావాలె' అని మూడో ఏడు ఆగిపోయిన ఇండ్లు నాకు తెలుసు.

కాబట్టి ముందే ఫోను చేసి చెప్పండి: "ఏం తేకు. నువ్వు రా." ఈ మాటకు ఖర్చు లేదు, ఇంతకంటే పెద్ద కానుకా లేదు.

అటు పంపేటప్పుడు మాత్రం పంపండి. అటు పోయే మనిషి దొరికితే మామిడికాయ తొక్కు ఒక డబ్బా, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టి ఇవ్వండి. ఫోన్లు లేని రోజుల్లో క్యాసెట్లో ఇంటిల్లిపాది మాటలు నింపి పంపేవాళ్లు. తాత దగ్గు, పిల్లల కొట్లాట, వెనక కోడికూత. క్యాంపు గదిలో ఒకరి క్యాసెట్ పెడితే గదంతా కూచుని వినేదట. ఇప్పుడు వీడియో ఉంది కదా అనకండి. ఇవాళ కూడా అరగంట నాయిన మాటలు ఆయన చెప్పే తీరులో, ఊరి సంగతులతో, ఫోనులో నింపి పంపండి. ఆయన పోయాక ఆ అరగంటకు వెల ఉండదు.

9. వస్తువు మానేసి పేరు ఇవ్వండి

1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట వీరుడు కుమ్రం భీం చనిపోయాక, గోండుల బతుకుల్ని తెలుసుకోవడానికి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఆదిలాబాద్ వచ్చాడు. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. ఆ ఊరివాళ్లకు ఆయన చేసినవి చాలా ఉన్నాయి: బడి, భూమి పట్టాలు. కానీ ఊరివాళ్లు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకునేది ఇంకొకటి. తన కొడుకు నికోలస్‌కు ఆయన మార్లవాయి పటేలు పేరు కూడా పెట్టాడు: లచ్చు పటేల్. ఇంగ్లండులో పెరిగిన పిల్లవాడికి గోండు పటేలు పేరు. పైసా ఖర్చు లేదు. 1987లో ఎలిజబెత్ చనిపోతే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు, తర్వాత ఆయన అస్థికలనూ ఆమె పక్కకే చేర్చారు. ఏటా జనవరి 11న ఊరు అక్కడ పూలు పెడుతుంది. సొంత ఇంటివాళ్లుగా తలుస్తుంది.

పుట్టిన బిడ్డకు మీ అవ్వ పేరు పెట్టండి. ఇంటర్నెట్టులో దొరికిన పేరు బర్త్ సర్టిఫికెట్టులో ఉంటే ఉండనివ్వండి, ఇంట్లో పిలవడానికి మాత్రం అవ్వ పేరు. బతికున్న అవ్వకు ఆ పిలుపు వినబడేటట్టు పిలవండి.

10. చవక కానుక ఇవ్వండి, చేసినవాళ్లతో బేరం ఆడకండి

నా సలహాలన్నీ పాటించినా ఈ ఒక్కటి మరిచిపోతే అన్నీ చెడతాయి. కానుక చవకగా ఉండాలి, మనిషి శ్రమ చవక కాకూడదు.

నిర్మల్‌లో పొనికి చెక్కతో మామిడిపండు చేస్తారు. చెక్కను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పంతో ముక్కలు అతికి, నునుపు చేసి, పూత ఆరాక రంగులేస్తారు. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కిన పని అది. బ్యాటరీ లేదు, చప్పుడు చేయదు, ఏమీ చేయదు. అందుకే మూడేండ్ల పిల్ల దాన్ని కాసేపు పండంటుంది, కాసేపు చంటిపాప అంటుంది. ఉషేగాం, కేస్లగూడ ఊర్లలో ఓజా కళాకారులు చేసే డోక్రా బొమ్మకు 2018లో గుర్తింపు వచ్చింది. మైనపు తీగ చుట్టి, మట్టి పూసి, కాల్చితే మైనం కరిగి పోయిన చోట ఇత్తడి నిండుతుంది. మట్టి అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. ఒక అచ్చుకు ఒకే బొమ్మ. రెండో బొమ్మ కావాలంటే మళ్లీ మొదటినుంచి.

అలాంటిది కొనేటప్పుడు అడిగిన ధర ఇవ్వండి. పెద్దది కొనలేకపోతే చిన్నది కొనండి, కానీ తగ్గించమనకండి. అలాగే, పనిమనిషికి పండుగ బోనసు బదులు పాత చీర, జీతగాడికి కూలి బదులు మిఠాయి పొట్లం ఇచ్చి 'ప్రేమతో ఇచ్చాం' అనకండి. ఇవ్వవలసింది ఇచ్చాకే కానుక మొదలవుతుంది.

పోయిన మేలో మా వాడకట్టు అవ్వ మనవరాలి పెండ్లి పడింది. అలవాటు ప్రకారం కట్నాల పుస్తకం తీశాను. వెతికితే అవ్వ పేరు ఎక్కడా లేదు. అంకె దొరకలేదు. ఎంత పెట్టాలో చెప్పే దిక్కు లేక పుస్తకం మూసి, మూడు రోజుల ముందే ఆ ఇంటికి పోయాను. సారె సకినాలకు కూచున్నాను, రెండో రోజు లడ్డూలు కట్టాను. మూడో రోజు పొద్దున, గంజ్‌లో కొన్న తాటాకు విసనకర్రకు నేనే ఎర్రగుడ్డ మడిచి అంచు కుట్టి తీసుకుపోయాను.

అవ్వ దాన్ని చేతిలోకి తీసుకొని అంచంతా వేలితో తడిమింది. మనవరాలిని పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. పొయ్యి దగ్గరి నుంచి లేచి, చెమటలు కక్కుతున్న నన్ను గడపలో కూచోమని, పక్కనే తనూ కూలబడి, నాకు విసరడం మొదలుపెట్టింది.